కవుల వైరములు – అభిమానుల కల్పనలు

గడచిన అర్ధసంవత్సర పరీక్షయందు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు శ్రీనాథ మహాకవిని గూర్చి వ్రాయుమన్న ప్రశ్నకు నాలుగే వాక్యములలో సమాధానము వ్రాసెను. శ్రీనాథుడు పోతనకు బావమఱది యనియు, ధనాశాపరుడనియు, భాగవతమును రాజునకు అంకితమిమ్మని పోతనను పీడించెననియు, పోతన కీర్తికి ఓర్వలేక అసూయపడెననియు దాని సారము. శృంగారనైషధము పేరైనను అందు లేదు. మేము మార్కులు తగ్గించితిమి. వారము దినములలో ఆ బాలుని తండ్రిగారు పాఠశాలకు వచ్చి, "అయ్యగారూ, మావాడు వ్రాసినది మా నాయనమ్మ చెప్పిన కథయే. మీరును తరగతిలో చెప్పితిరట. మఱి తప్పెట్లయినది?" అని మర్యాదగనే అడిగిరి.

ఆ కడపటి మాట నిజము. ఆ కథను ఎన్నో ఏండ్లు మేమే తరగతిలో చెప్పితిమి. బాలురు నిద్రమత్తులో నుండు మధ్యాహ్నపు పాఠమున అది మిక్కిలి ఉపకరించెడిది. ఆయనకు అప్పుడు తగిన ఉత్తరము చెప్పజాలకపోతిమి. కావున ఇచ్చట చెప్పుచున్నాము.

కథ మన ప్రాంతమున ఎఱుగనివారు లేరు. పోతన పొలము దున్నుచుండగా శ్రీనాథుడు పల్లకి నెక్కి వచ్చెనట. తన మహిమ చూపుటకై ఒకవైపు బోయీలను తొలగింపజేయగా పల్లకి ఆగక సాగెనట. అంతట పోతన కుమారుడు మల్లన ఒకవైపు ఎద్దును విప్పగా నాగలియు ఆగక దున్నెనట. చెప్పువారిని బట్టి బోయీల లెక్కయు ఎద్దుల లెక్కయు మాఱుచుండును గాని, గెలుపు మాత్రము ఎప్పుడును పోతనదే. ఓరుగల్లు సీమలో మఱియొక విధముగా ముగియుటకు వీలులేదు గదా! వాహినీవారి భక్త పోతన చలనచిత్రమున చిత్తూరు నాగయ్యగారు పోతన వేషము ధరించిరి. 1993లో బాపుగారి దర్శకత్వమున ఎన్. టి. రామారావుగారు శ్రీనాథుడుగా నటించిరి. ఇట్లు తెరమీదను ఈ ఇరువురు కవులు మన మనస్సులలో నిలిచిపోయిరి.

ఇక ఆధారములు చూతము. పోతన భాగవతావతారికలో తన వంశమును స్వయముగా చెప్పుకొనెను. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. వీరి పేర్లు అందున్నవి. శ్రీనాథుడు బంధువని ఒక్క మాటయు లేదు. పూర్వకవులను తలచునప్పుడు నన్నయ తిక్కనాదులను స్మరించెను గాని, శ్రీనాథుని పొగడుటయు లేదు, తెగడుటయు లేదు. శ్రీనాథుడును తన కావ్యములందు తన కులగోత్రములను, పోషకులను, విద్యాధికారపదవిని విరివిగా చెప్పుకొనినవాడే; అట్టివాడు పోతన మాటయే యెత్తలేదు. కొండవీటిని పెదకోమటి వేమారెడ్డి 1402 మొదలు 1420 వరకు ఏలెను. ఆ కొలువున శ్రీనాథుడు విద్యాధికారిగా వెలిగెను. పోతన కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములున్నను, ఇరువురును పదునైదవ శతాబ్దివారగుట మాత్రము స్పష్టము. ఒకే శతాబ్దివారగుట బంధుత్వమునకు చాలదు, వైరమునకు అసలే చాలదు.

అట్లయిన కథ ఎక్కడనుండి వచ్చెను? మాకు తోచినంతవఱకు, అది జనుల మనస్సునకు గల ఒక అలవాటునుండి వచ్చినది. గొప్పవాడు ఒంటరిగా నుండిన కథ కుదురదు. ఎదుట మఱియొకడు నిలువవలెను. పోతన తన కృతిని శ్రీరామునకు అంకితమిచ్చెను. శ్రీనాథుడు నైషధమును మామిడి సింగనామాత్యునకును, భీమేశ్వరపురాణమును బెండపూడి అన్నయమంత్రికిని, హరవిలాసమును అవచి తిప్పయసెట్టికిని, కాశీఖండమును రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికిని ఇచ్చెను. ఒకరిది హలము, ఒకరిది పల్లకి. ఒకరిది భక్తి, ఒకరిది భోగము. ఇంత చక్కని జంట దొరికినపుడు కథకుడు ఊరకుండునా? దీనికి తోడు శ్రీనాథుని పేర చాటుపద్యములు ఊరూరను తిరిగినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరియందు అట్టివానిని ఎన్నింటినో సేకరించిరి. వానిలో ఏది ఎవరిదో నిర్ణయించుట దుర్లభము. ఎవరో చెప్పిన కొంటె పద్యమునకు ప్రసిద్ధుని పేరు తగిలించిన అది నాలుగు తరములు బ్రదుకును. అట్టి పద్యములనుండియే మనము శ్రీనాథుని శీలమును నిర్ణయించితిమి. ఆయన కావ్యములను మాత్రము తెఱచి చూడలేదు.

చూచినచో కథ తలక్రిందులగును. భోగి యనబడు శ్రీనాథుడు వ్రాసినవానిలో హరవిలాసము, భీమేశ్వరపురాణము, కాశీఖండము, శివరాత్రిమాహాత్మ్యము మున్నగునవి శివభక్తి ప్రధానములు. రాజద్వేషి యనబడు పోతన పేర భోగినీదండకమను చిన్న కృతి యున్నది. అది రాచకొండ ప్రభువగు సర్వజ్ఞ సింగభూపాలుని ప్రియురాలిని గూర్చినది. దానిని పోతన యౌవనమున వ్రాసెనని చెప్పుదురు. ఇది పోతనను తగ్గించుటకు చెప్పుట లేదు. మనుష్యుడు కథకంటె పెద్దవాడని మాత్రమే మా తాత్పర్యము. ఆ సింగభూపాలుడే భాగవతము తనకు దక్కలేదని దానిని పాతిపెట్టించెననుట మఱియొక ఐతిహ్యము. ఐదవ స్కంధము గంగనయు, ఆఱవది ఏర్చూరి సింగనయు, పదునొకండవదియు పండ్రెండవదియు వెలిగందల నారయయు పూరించి యుండుటచే, శిథిలమైన భాగమును వారు వ్రాసిరను తలంపు ఈ కథకు బలమిచ్చినది.

పోతన ఎచ్చటివాడను వివాదమును ఇట్టిదే, కాని దానికి కొంత మూలమున్నది. గ్రంథమున ఏకశిలానగరమను పేరు వచ్చును. మనవారు అది ఓరుగల్లే యందురు; కోటలో ఒంటిరాతి గుట్ట ఇప్పటికిని కనబడుచున్నది, సుమారు 50 కిలోమీటర్ల దూరమున పాలకుర్తి చెంత బమ్మెర గ్రామమున్నది, ఇంటిపేరును బమ్మెరయే. కడపవారు అది ఒంటిమిట్ట యందురు. అచ్చటి కోదండరామాలయమును చూపుదురు. ఆంధ్రవాల్మీకి యని పేరొందిన వావిలికొలను సుబ్బారావుగారు ఆ యాలయమునకై పాటుపడినవారు. మేము ఓరుగల్లువారము గనుక బమ్మెర పక్షమే మాకు బలముగా తోచును. అయినను ఈ విషయమున ఇరుపక్షములును గ్రంథమును విప్పి, పదములను విచారించి వాదించినవి. పల్లకి కథకు అట్టి విచారణయే లేదు.

ఇట్టి వైరములు పూర్వులతోనే ముగియలేదు. తిరుపతి వేంకటకవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, శతావధానములతో ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూగించిరి. నరసరావుపేట ప్రాంతపు కొప్పరపు సోదరకవులు ఆశుధారకు ప్రసిద్ధులు. ఒకరిది ధారణ, ఒకరిది వేగము. త్రాసును గజమును పోల్చినట్లు ఈ రెండింటిని పోల్చి, అభిమానులు రెండు పక్షములై గుంటూరు సీమలో పద్యములతోనే పోరాడిరి. ఇచ్చట కవులకును నిజముగనే పట్టుదల యుండెను; దానిని దాచనక్కఱలేదు. కాని పద్యము చేతగానివారు కేకలతో పక్షము వహించుట ఆ పోరాటమునకు ఏ మాత్రము శోభ కూర్చలేదు.

మా వసతిగృహమున ఈ సంవత్సరము జరిగినది దీనికి చెల్లెలు వంటిది. పదవ తరగతి మిత్రులిద్దరు హెవీ మెటల్ అనబడు పాశ్చాత్య సంగీతమును ఇయర్‌ఫోనులలో వినుచు, మెటాలికా గొప్పదా మెగాడెత్ గొప్పదా యని తగవులాడి, పండ్రెండు దినములు ఒకే గదిలో మాటలు లేక యుండిరి. మేము వారి యనుమతితో రెండును వింటిమి. విద్యుత్ గిటారుల మ్రోతయు డ్రమ్ముల హోరును మా చెవులకు ఒక్కటిగనే వినబడెను. అది మా చెవుల లోపము కావచ్చును. ఈ వైరమునకు మూలము కలదు. 1983లో డేవ్ మస్టేన్ అను వాద్యకుని మెటాలికావారు తొలగింపగా, అతడు అదే యేట మెగాడెత్‌ను స్థాపించెను. చాలకాలము మాటలు చుఱుకుగనే నడచినవి. అయినను 2010 జూన్ 16న వార్సా నగరమున మెటాలికా, మెగాడెత్, స్లేయర్, ఆంత్రాక్స్ అను నాలుగు బృందములును ఒకే కచ్చేరిలో వాయించినవి. అదే నెల 22న సోఫియాలో ఆ బృందములవారు ఒకే వేదికపై నిలిచి ఒకే పాట వాయించిరి, మస్టేన్‌ కూడ. ఈ సంగతి చెప్పగా మా బాలురిద్దరిలో ఒకడు, "మఱి మేమెందుకు కొట్లాడితిమి?" అనెను. రెండవవాడు అప్పటికిని మాటాడలేదు, మఱునాడు మాటాడెను.

ఐరోపాలో మోజార్టు, సాలియేరి అనువారి కథ దీనికంటెను కఠినమైనది. 1791లో మోజార్టు చనిపోగా సాలియేరి విషమిడెనని వదంతి పుట్టెను. 1830లో పుష్కిన్ దానిని నాటకము చేసెను; 1984లో అమడేయస్ అను చలనచిత్రము ఆ వైరమును లోకమంతటను వ్యాపింపజేసెను. ఆ సాలియేరియే మోజార్టు కడగొట్టు కుమారునకు సంగీతము నేర్పెను. వారిరువురును కలిసి 1785లో కూర్చిన చిన్న గీతప్రబంధ మొకటి ప్రేగ్ నగరపు వస్తుసంగ్రహాలయమున నుండి 2016లో వెలువడెను. కథ నమ్మినవారు సాలియేరి సంగీతమును రెండు శతాబ్దములు వినకనే విడిచిరి. శ్రీనాథునకు మన తరగతిలో జరిగినదియు అదియే. అది మాకు మనస్సున గ్రుచ్చుకొనిన సంగతి.

మన సంఘపు పిల్లలకు కొరింథు సంగతి క్రొత్తది కాదు. అచ్చటి విశ్వాసులు కొందఱు పౌలు పక్షమనియు, కొందఱు అపొల్లో పక్షమనియు చీలిపోగా, పౌలు తానే లేఖ వ్రాసి వారిని మందలించెను. ఆ ఇరువురు బోధకుల నడుమ కలహమున్నట్లు ఆ లేఖలో ఎచ్చటను లేదు. చీలినవారు వినువారే.

ఆ తండ్రిగారిని మరల పిలిపించి, పల్లకి కథను సత్యముగా చెప్పిన తప్పు మాదియని ఒప్పుకొంటిమి. నాయనమ్మ కథను ఇంట మాన్పవలదని కూడ చెప్పితిమి. అది కథగా బహుచక్కనిది. మార్కులు మాత్రము మార్చలేదు. బాలుని హరవిలాసములోని చిఱుతొండనంబి కథ చదివి రమ్మని, ఆ ప్రశ్నకు మరల సమాధానము వ్రాయనిచ్చితిమి. పది దినములకు వాడు ఐదు పుటలు వ్రాసి తెచ్చెను. తెచ్చినవాడు వెంటనే వెళ్లక బల్ల చెంత నిలిచి, "అయ్యగారూ, ఈ సిరియాళుని కథనే మన పాలకుర్తి సోమనాథుడు బసవపురాణములో అంతకుముందే చెప్పెనట గదా! ఇద్దఱిలో ఎవరు గొప్ప?" అని అడిగెను.

బసవపురాణమును గ్రంథాలయమునుండి తెప్పించి వాని చేతికిచ్చితిమి.