గేర్ ఆయిల్: జీఎల్-4 బదులు జీఎల్-5 పోస్తే ఇంకా మంచిదా? ఈ పొరపాటుతో గేర్‌బాక్స్‌కే ఎసరు!

ఇంజిన్ ఆయిల్ మీద ఉన్నంత శ్రద్ధ గేర్ ఆయిల్ మీద చాలామందికి ఉండదు. షాపుకెళ్లి 'ఒక 90 నంబర్ డబ్బా ఇవ్వు' అంటారు, అంతే. 'కాస్త పెద్ద గ్రేడ్ పోయిస్తే బండికి మంచిదేగా' అనుకునేవాళ్లూ ఉన్నారు. కానీ గేర్ ఆయిల్ విషయంలో పెద్ద నంబర్ అంటే మంచి ఆయిల్ అని కాదు. ఏ గేర్‌బాక్స్‌కి ఏది సరిపోతుందన్నదే అసలు లెక్క. మరి ఎలా ఎంచుకోవాలి?

డబ్బా మీద ఏం చూడాలి?

మొదట చూడాల్సింది చిక్కదనం. 80డబ్ల్యూ-90 అని ఉంటే, డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది. తర్వాతి అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. గమ్మత్తేంటంటే 90 గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 నంబర్ ఇంజిన్ ఆయిళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. రెండింటి కొలమానాలే వేరు.

రెండోది జీఎల్ రేటింగ్. చాలా మంది పప్పులో కాలేసేది ఇక్కడే.

జీఎల్-4, జీఎల్-5 తేడా ఇదీ

కార్లు, లారీల వెనక యాక్సిల్ డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు ఉంటే వాటి పళ్లు ఒకదానిమీద ఒకటి గట్టిగా రాసుకుంటాయి. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి గంధకం, భాస్వరం రసాయనాలు ఎక్కువగా కలిపిన జీఎల్-5 కావాలి.

మాన్యువల్ గేర్‌బాక్స్ కథ వేరు. అందులో చాలా వాటికి ఇత్తడి సింక్రనైజర్ రింగులు ఉంటాయి. జీఎల్-5లోని రసాయనాలు వేడికి ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది. జారుడు ఎక్కువై రింగులకు పట్టు కూడా తగ్గొచ్చు. అప్పుడు గేరు సరిగ్గా పడదు, 'కర్ర్'మని శబ్దం వస్తుంది. కంపెనీ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయాల్సిందే. డిఫరెన్షియల్‌కి జీఎల్-5 చెబితే అక్కడ జీఎల్-4తో సరిపెట్టకూడదు.

బైకు, స్కూటర్ల సంగతేంటి?

చాలా బైకుల్లో ఇంజిన్, క్లచ్, గేర్లు అన్నిటికీ ఒకటే ఆయిల్. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. లేదంటే క్లచ్ జారుతుంది. స్కూటర్లకు వెనక చక్రం దగ్గర చిన్న గేర్‌కేస్ వేరుగా ఉంటుంది. చాలా మోడళ్లలో పట్టేది 120 మిల్లీలీటర్ల అటూ ఇటూ. సర్వీసింగ్‌లో దీన్ని మర్చిపోకుండా అడిగి మార్పించుకోండి.

ట్రాక్టర్ ఉన్న రైతులు జాగ్రత్త

ఈ తరం ట్రాక్టర్లలో చాలా వాటికి గేర్లు, హైడ్రాలిక్స్, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు మూడింటికీ ఒకే ఆయిల్ వాడతారు. దాన్ని యూటీటీఓ అంటారు. దాని బదులు మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు పట్టు తప్పొచ్చు, హైడ్రాలిక్ లిఫ్ట్ మొరాయించొచ్చు. దమ్ము చేశాక ఒకసారి ఆయిల్ చూసుకోండి. పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే లోపలికి నీళ్లు చేరినట్టే. వెంటనే మార్చాలి, సీళ్లూ చూపించాలి.

మిల్లులు, ఫ్యాక్టరీల్లో నంబర్లు వేరు

రైస్ మిల్లు, క్రషర్, కన్వేయర్ గేర్‌బాక్సులకు ఐఎస్ఓ వీజీ 220, 320, 460 అని ఉంటుంది. ఇది 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం. 220 అంటే బండ్ల 90 కంటే రెట్టింపు చిక్కన కాదు, రెండూ దాదాపు సమానమే. వార్మ్ గేర్‌బాక్స్‌లో చక్రం సాధారణంగా కంచుది కాబట్టి అక్కడా రసాయనాలు చూసి ఎంచుకోవాలి. పీఏజీ రకం సింథటిక్ ఆయిల్ ఉన్నచోట మినరల్ ఆయిల్ అస్సలు కలపొద్దు.

ఇవి గుర్తుపెట్టుకోండి

* బండి సమతలం మీద ఉండగానే లెవెల్ చూడాలి. ఎక్కువ పోస్తే సీళ్ల నుంచి కారుతుంది.
* డ్రెయిన్ బోల్టుకు సన్నటి ఇనుప పొడి అంటుకోవడం మామూలే. ముక్కలు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్ విప్పించాల్సిందే.
* ఓనర్ మాన్యువల్‌లో ఆయిల్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో అదే చూపించి అడగండి. డబ్బా మూత తీసే ముందు రెండూ పోల్చి చూడండి. ఆ ఒక్క నిమిషం గేర్‌బాక్స్ రిపేర్ ఖర్చు తప్పిస్తుంది.