శాసనసభ నుంచి హైకోర్టుకు, అక్కణ్నుంచి దళితవాడకు

ఎమ్మెల్యేగా గెలిచినవాళ్లు ఆ తర్వాత మంత్రి పదవి వైపో, ఎంపీ టికెట్టు వైపో చూస్తారు. కొత్తపల్లి పున్నయ్య హైకోర్టు బెంచి ఎక్కారు. ఉత్తరాంధ్ర నుంచి శాసనసభలో అడుగుపెట్టిన ఈ దళిత న్యాయవాది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

పార్టీ జెండా మోసినవాళ్లు జడ్జీలు కావచ్చా? రాజ్యాంగం అడ్డు చెప్పలేదు. 217వ అధికరణ ప్రకారం భారత పౌరుడై, హైకోర్టులో పదేళ్లు వకీలుగా పనిచేసినా, న్యాయాధికారిగా పదేళ్ల అనుభవం ఉన్నా చాలు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో పనిచేసిన గోపాలరావు ఎక్బోటే 1972లో మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1957లో కేరళలో ఇ.ఎం.ఎస్. ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న వి.ఆర్. కృష్ణయ్యర్ 1973లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నిక చెల్లదన్న హైకోర్టు తీర్పు తర్వాత ఇందిరాగాంధీ లోక్‌సభకు రావచ్చు గానీ ఓటు వేయరాదని 1975 జూన్ 24న ఉత్తర్వు ఇచ్చింది ఆయనే. కె.ఎస్. హెగ్డే వెళ్లిన దారే తిరిగొచ్చారు. రాజ్యసభ నుంచి న్యాయస్థానానికి వెళ్లి, 1973లో సుప్రీంకోర్టుకు రాజీనామా చేసి, 1977లో లోక్‌సభ స్పీకరయ్యారు. అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి కావడంతో ఖాళీ అయిన కుర్చీ అది.

పున్నయ్య పేరు మాత్రం కోర్టు తీర్పులకంటే ఎక్కువగా విశ్రాంత జీవితంలో చేసిన పనితోనే జనానికి తెలుసు.

రాజ్యాంగం పనితీరును సమీక్షించడానికి 2000లో కేంద్రం జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన వేసిన కమిషన్‌లో ఆయన సభ్యులు. అంటరానితనం, దళితులపై దాడుల సంగతి తేల్చమని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఏకసభ్య కమిషన్ కూడా ఆయనదే. అంటరానితనాన్ని నేరంగా ప్రకటించిన చట్టం 1955లోనే వచ్చింది, అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. అయినా టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదు. చట్టం చేసే సభనూ, దాన్ని అన్వయించే కోర్టునూ చూసిన మనిషి, అది ఊళ్లోకి ఎందుకు చేరలేదో వెతకాల్సి వచ్చింది.

ఆయన సిఫార్సుల్లో ఒకటి సదుం, పుంగనూరు లాంటి మండలాల దాకా వచ్చింది. నెలాఖరున జరిపే పౌరహక్కుల దినం అదే. ఆ రోజు తహసీల్దారు, ఎస్సై దళితవాడకు వెళ్లి కూర్చోవాలి. గుళ్లోకి రానిస్తున్నారా, హోటల్లో గ్లాసులు వేరుగా పెడుతున్నారా, శ్మశానానికి దారి ఉందా అని అక్కడివాళ్లనే అడగాలి. కొన్నిచోట్ల ఇది ఫొటోలు దిగి, సంతకాలు తీసుకోవడంతో సరిపోతుంది.

ఇలాంటి సభల్లో జనం తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఫిర్యాదు ఎస్సై తీసుకుని కేసు కట్టొచ్చు గానీ, అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారే చేయాలి. వచ్చే సభ ఏ వాడలో పెడుతున్నారో తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు.