నేత వీడియోలు: చూపుటకు ఏది, దాచుకొనుటకు ఏది?

బరంపురం పట్టుచీరకు ఫోడా కుంభపు అంచు వేయు విధమును, పెద్దలు నేయుచుండగా ఫోనుతో తీసి ఉంచుకొను కుటుంబములు మన గంజాం జిల్లాలో కలవు. మంచి పనియే. కాని ఆ వీడియోను ఇంటర్నెట్టులో పెట్టి, లింకు మాత్రము మిగుల్చుకొని, ఫోనులోనిది తుడిచివేయుటకు మేము ఒప్పుకొనము.

ఎమ్‌పీ4, ఎమ్‌కేవీ అనునవి పెట్టెల పేర్లు. బొమ్మ, ధ్వని, ఏ క్షణమున ఏది రావలెనో తెలుపు పట్టిక అందులో ఉండును. పేరు మార్చినంతమాత్రమున లోని సరుకు మారదు. ఎమ్‌పీ4లో ఆ పట్టికను ఫోను సాధారణముగా చివర వ్రాయును. తీయుచుండగా ఫోను హఠాత్తుగా ఆగినచో ఫైలు తెరువకపోవచ్చును. అందుచే పది నిమిషములకొక ముక్కగా తీయుట మేలు.

స్ట్రీమింగు వేరు. 2009లో ఆపిల్ కంపెనీ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో వీడియో కొన్ని సెకండ్ల ముక్కలై, పేక కండెలవలె ఒకదాని వెనుక ఒకటి వచ్చును. సిగ్నలు తగ్గినచో నాసి ముక్క వచ్చును. అంచులోని పోగులు కలిసిపోయి కనబడును. చీర కొనువారికి అది చాలును, పని నేర్చు పిల్లలకు చాలదు. పైగా చూచుట ముగిసిన పిమ్మట మనచేత నకలు మిగులదు.

కావున ఫోను తీసిన అసలు ఫైలునే ఇంట ఒకటి, సంఘమున ఒకటి ఉంచవలెను. వాట్సాప్‌లో వీడియోగా పంపిన కుదించును, డాక్యుమెంటుగా పంపుడు. ఫైలు పేరులో నేసినవారి పేరు, తేదీ చేర్చుడు.