పడుగు ఎక్కాక గళ్లు మారవు!

మామిడిపల్లి: పెళ్లికి తమకు నచ్చిన రంగుల్లో చీరలు నేయించుకోవాలన్న ముచ్చట మన శంషాబాద్ ప్రాంత గ్రామాల్లోనూ ఉన్నదే. అయితే దుకాణంలో కొనే బట్ట వేరు, చెప్పి నేయించుకునే బట్ట వేరు. చెప్పినవారు మాట మారిస్తే నష్టమంతా నేసినవారి నెత్తిన పడుతుంది.

ఇది ఈ విలేకరికి అనుభవమే. కొన్నేళ్ల క్రితం ఇంట్లో పెళ్లికి ఆరు గళ్ల చీరలు నోటిమాటగా పురమాయించాం. పడుగు మగ్గం ఎక్కిన తరువాత, పచ్చ గళ్లు కాదు, నీలం గళ్లు కావాలన్నాం. "ఎక్కిన పడుగుకు రంగు ఎట్లా మార్చేదయ్యా?" అని ఆ చేనేత కార్మికుడు మొత్తుకున్నాడు. చివరకు నాలుగే తీసుకున్నాం. మిగిలిన రెండూ సగం ధరకు అమ్ముకున్నాడని తరువాత తెలిసింది. తప్పు మాది, నష్టం ఆయనది.

గళ్ల బట్టను ఎలా పురమాయించాలో స్కాట్లాండు వారిని చూసి నేర్చుకోవచ్చు. అక్కడి మగవారు పెళ్లిళ్లకు, వేడుకలకు 'కిల్ట్' కడతారు. నడుము నుంచి మోకాళ్ల దాకా వచ్చే, వెనుక కుచ్చిళ్లు పోసిన ఉన్ని బట్ట అది. దాని గళ్ల నేతను 'టార్టాన్' అంటారు. 1746లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి కొండ ప్రాంత మగవారి ఈ దుస్తులను నిషేధించింది. 1782లో ఆ నిషేధం తొలగింది. నేడు వంశానికో గడి, ఊరికో గడి, సంస్థకో గడి ఉన్నాయి. కొత్త గళ్లను నమోదు చేయడానికి 2009లో ప్రభుత్వ రిజిస్టరే తెరిచారు.

అక్కడ గడి అంటే లెక్క. ఎరుపు ఎన్ని పోగులు, పచ్చ ఎన్ని, నలుపు ఎన్ని అని వరుసగా కాగితం మీద రాస్తారు. సాధారణంగా పడుగులోనూ పేకలోనూ అదే వరుస. ఎరుపు మీద ఎరుపు పడితే నిండు ఎరుపు, ఎరుపు మీద పచ్చ పడితే మిశ్రమ రంగు. పెద్దవారి కిల్ట్‌కు వాడుక ప్రకారం 8 గజాల బట్ట పడుతుంది. కుచ్చిళ్లు మడిచాక కూడా వెనుక గడి కుదిరి కనిపించాలి. అందుకే గడి కొలత నేసేవారికీ, కుట్టే దర్జీకీ ముందే తెలియాలి.

మన మగ్గానికీ లెక్క ఒక్కటే. అంగుళానికి 60 పోగుల చొప్పున 48 అంగుళాల పన్నాకు పడుగులో 2,880 పోగులు కావాలి. గడి 6 అంగుళాలైతే 360 పోగులకొకసారి రంగుల వరుస మళ్లీ మొదలవుతుంది. ఒక్క రంగు మార్చాలన్నా ఆ రంగు పోగులన్నీ తీసి కొత్తవి అతకాలి. యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లి, పుట్టపాకల్లో శ్రమ ఇంకా ఎక్కువ. అక్కడ నేయక ముందే నూలును కట్టి రంగు అద్దుతారు, నమూనా నూలులోనే ఏర్పడుతుంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలుకైతే నూలును నూనెతో, బూడిద నీళ్లతో రోజుల తరబడి పదును చేయాలి.

కనుక పురమాయించేవారు రంగును మాటతో చెప్పక గుడ్డముక్కతో చూపాలి. పన్నా, పొడవు, గడి కొలత, ఇవ్వవలసిన తేదీ కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి ఉంచుకోవాలి. రంగు వేసిన నూలు చిలపలు చూసి ఒప్పుకోవాలి. నూలుకు, రంగుకు సరిపడా బయానా ముందే ఇవ్వాలి. ఒక పడుగు మీద అనేక చీరలు వస్తాయి. ఒక్కటే కావాలంటే ధర పెరుగుతుంది, లేదా మిగిలిన పడుగు నేసేవారికి బరువవుతుంది. బంధువులు కలిసి పడుగు మొత్తం చెప్పుకుంటే ఇద్దరికీ మేలు.

ఇంట్లో తర్జనభర్జనలు ఎన్నైనా జరగవచ్చు. అవన్నీ పడుగు ఎక్కక ముందే తేలిపోవాలి.