గాలి పట్టిచ్చిన దొంగసరుకు

మీ బడిలో మధ్యాహ్న భోజనం పెడతారు గదా! ఆ రోజు ఎంతమంది తిన్నారో రిజిస్టరులో రాస్తారు. 120 మంది అని రాశారనుకోండి. అది నిజమో కాదో తేల్చుకోవాలంటే ఏం చేయాలి? మళ్ళీ ఆ రిజిస్టరునే తిరగేస్తే లాభం లేదు. ఎన్నిసార్లు చూసినా అందులో 120 అనే వుంటుంది. వంటగదిలోకి వెళ్ళి బియ్యం ఎన్ని కిలోలు ఖర్చయ్యాయో చూడాలి. లేదా కడగడానికి వేసిన కంచాలు లెక్కపెట్టాలి. రాసినవాడి చేతిలో లేని లెక్క మరొకటి కావాలన్నమాట.

దేశాల విషయంలోనూ ఇదే చిక్కు. ఫలానా వాయువును మేము ఇంత తయారుచేశాము, ఇంత గాలిలోకి వదిలాము, ఇంత తగ్గించాము అని దేశాలు ఐక్యరాజ్యసమితి సంస్థలకు లెక్కలు రాసి పంపుతాయి. మరి అక్కడ కంచాలు లెక్కపెట్టేదెవరు? దీనికి జవాబుగా ఈమధ్య నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇందులో దొంగ వున్నాడు, పోలీసు వున్నాడు. పోలీసు చేతిలో వున్నది మాత్రం లాఠీ కాదు, గాజుసీసా!

ముందు సరుకు గురించి తెలుసుకుందాం. దాని పేరు సి.ఎఫ్.సి-11. ఒక కార్బన్ పరమాణువు, దానికి మూడు క్లోరిన్లు, ఒక ఫ్లోరిన్ తగిలించితే ఈ అణువు వస్తుంది. ఇది దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. అంటే మన వేసవిలో సీసా మూత తీసి వుంచితే పొయ్యి లేకుండానే మరిగిపోతుంది! ఈ గుణమే దానికి గిరాకీ తెచ్చింది. ఇడ్లీపిండి రాత్రంతా వుంచితే లోపల వాయువు పుట్టి పిండి పొంగుతుంది గదా. ఫ్రిజ్ గోడల్లో వేడి చొరబడకుండా నింపే నురుగు ప్లాస్టిక్‌ను కూడా ఇలాగే పొంగించాలి. రెండు ద్రవాలు కలిసి వేడెక్కేటప్పుడు వాటిలో వున్న సి.ఎఫ్.సి-11 ఆవిరై కోట్లాది బుడగలు చేస్తుంది. బుడగలున్న నురుగు గట్టిపడి పలక అవుతుంది.

అంత మంచి పదార్థంతో తంటా ఏమిటంటారా? 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ జాతి వాయువులు పై పొరల్లోకి చేరి, అక్కడ అతినీలలోహిత కిరణాల తాకిడికి విడిపోయి, క్లోరిన్‌ను వదిలి ఓజోన్‌ను తినేస్తాయని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిన సంగతి బయటపడింది. 1987లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 2010 నాటికి ప్రపంచమంతటా వీటి తయారీ ఆగిపోవాలి. మన దేశం ఆ గడువుకు ముందే, 2008 ఆగస్టు 1 నుంచి, ఉబ్బసం రోగులు పీల్చే మందుల అవసరానికి తప్ప తయారీ మానేసింది. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. సి.ఎఫ్.సి-11 ఓజోన్‌కు శత్రువే కాదు, వేడిని పట్టివుంచడంలో బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కన్నా కొన్ని వేలరెట్లు బలమైనది.

2010 తర్వాత అన్ని దేశాల లెక్కల్లోనూ దీని తయారీ దాదాపు సున్నా. రిజిస్టరు ముగిసింది. ఇప్పుడు వంటగదిలోకి వెళదాం.

హవాయి దీవుల్లో మౌనాలోవా అనే అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఒక పరిశోధనాలయం వుంది. అక్కడా, ధ్రువాల దగ్గరా, ఇంకా ఎన్నో దూరపు చోట్లా గాలిని గాజుసీసాల్లో పట్టి అమెరికాలోని బౌల్డర్ పట్టణానికి పంపుతారు. 'నోవా' అనే ప్రభుత్వ సంస్థ ప్రయోగశాలలో వాటిని పరీక్షిస్తారు. ఇది ఎంత సూక్ష్మమైన పని అనుకున్నారు! 2017 ప్రాంతంలో లక్షకోట్ల గాలి అణువుల్లో సి.ఎఫ్.సి-11 అణువులు సుమారు 230 మాత్రమే వుండేవి. ఆ 230లో ఒకటి తగ్గినా పసిగట్టాలి.

గాలిని ఒక నీళ్ళతొట్టి అనుకోండి. అడుగున చిన్న చిల్లి. పై పొరల్లో సూర్యకాంతికి ఈ వాయువు నశించడమే ఆ చిల్లి. చాలా చిన్నది, ఒక్కొక్క అణువు సగటున ఏబై ఏళ్ళ పాటు తొట్టిలోనే తిరుగుతుంది. పైన కుళాయి కట్టేశారు, కాని చుక్కలు పడుతూనే వుంటాయి, ఎందుకంటే పాత ఫ్రిజ్‌ల నుంచి, పాత పలకల నుంచి కొంత కారుతూ వుంటుంది. పాతవి తగ్గేకొద్దీ చుక్కలూ తగ్గాలి. 2002 నుంచి 2012 దాకా తొట్టి మట్టం ఏడాదికి రెండేసి అణువుల చొప్పున చక్కగా దిగింది. ఆ తర్వాత దిగుడు మందగించింది. 2015-17 నాటికి ఏడాదికి ఒక్కటే దిగుతోంది!

ఎవరో కుళాయి విప్పారని అనడం తేలిక. కాని నోవాలో స్టీఫెన్ మాంట్‌జ్‌కా, ఆయన సహచరులు వెంటనే అలా అనలేదు. గాలుల తిరుగుడులో మార్పు వచ్చి చిల్లి కాస్త మూసుకుందేమో చూశారు. కొంతవరకు అదీ కారణమే, కాని మొత్తం కాదు. అప్పుడు మరో ఆధారం దొరికింది. భూమధ్యరేఖకు ఉత్తరాన వున్న గాలిలో ఈ వాయువు దక్షిణం కన్నా కాస్త ఎక్కువ. ఆ తేడా తగ్గవలసింది పోయి పెరిగింది. చిల్లి మూసుకుంటే రెండు వైపులా మూసుకోవాలి గాని, ఉత్తరాన ఎందుకు పెరుగుతుంది? కాబట్టి కొత్త సరుకు ఉత్తరార్ధగోళంలో పుడుతోంది. ఏడాదికి సుమారు 13,000 టన్నులు, బహుశా తూర్పు ఆసియాలో, అని 2018 మే నెలలో 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

తూర్పు ఆసియా అంటే మాటలా? కోట్ల జనం, లక్షల కార్ఖానాలు. ఇక్కడ రెండు చిన్న దీవులు అక్కరకు వచ్చాయి. ఒకటి దక్షిణ కొరియాకు చెందిన జేజు. దాని మీద గోసాన్ అనే కేంద్రం వుంది. రెండవది జపాన్ దక్షిణాన వున్న హతెరుమా. ఈ కేంద్రాల్లో యంత్రాలు రోజుకు చాలాసార్లు గాలిని పరీక్షిస్తాయి. ఎదురింట్లో పోపు వేస్తే వాసన మన వాకిట్లోకి వస్తుంది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి ఫలానా వారింట్లో పులిహోర అని చెప్పేస్తాం గదా. (మా అబ్బాయి కరివేపాకు పడిందో లేదో కూడా చెబుతాడు!) శాస్త్రజ్ఞులు చేసిందీ అదే. సి.ఎఫ్.సి-11 ఉన్నట్టుండి ఎక్కువగా కనిపించిన వేళల్లో ఆ గాలి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో కంప్యూటర్లతో వెనక్కు లెక్కకట్టారు. చైనా తూర్పు భాగంలో, ముఖ్యంగా షాన్‌డాంగ్, హెబెయ్ రాష్ట్రాల పరిసరాల నుంచి ఏడాదికి అదనంగా 7,000 టన్నులు వస్తున్నట్టు తేలింది. ఇది 2019 మే నెలలో వెలువడింది. ఈలోగా ఒక స్వచ్ఛంద సంస్థ చైనాలో విచారించగా, నురుగు పలకలు చేసే 18 కంపెనీలు చవక గనుక తాము దీన్ని వాడుతున్నట్టు ఒప్పుకున్నాయి. చైనా ప్రభుత్వం తనిఖీలు పెంచి, కొన్ని చోట్ల దొంగతయారీని మూయించింది. 2021లో మళ్ళీ లెక్కలు వచ్చాయి: 2019 నాటికి అదనపు సరుకు చాలావరకు మాయమైంది.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. కొరియావారి గాలిలెక్క కొరియాలో, జపాన్‌వారిది జపాన్‌లో, అమెరికావారిది అమెరికాలో బీరువాల్లో తాళం వేసి వుంటే ఏమయ్యేది? అమెరికావారు గాజుసీసాలను చూసి ఏదో తేడాగా వుందని అనేవారు. మీ యంత్రం చెడిపోయిందని మరొకరు అనేవారు. అంతటితో సరి. కాని ఈ కొలతలన్నీ ఎవరైనా తీసుకుని పరీక్షించేలా బహిరంగంగా వున్నాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు కొరియా, జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి కూర్చుని లెక్క కట్టగలిగారు. నోవాతో సంబంధం లేకుండా 1978 నుంచి పనిచేస్తున్న 'ఏగేజ్' అనే మరో కూటమి కొలతలూ అదే మాట చెప్పాయి.

అయితే తమాషా ఏమిటంటే, 7,000 టన్నులకు ఆచూకీ దొరికింది గాని, మొత్తం అదనం 13,000 టన్నులు. మిగతాది ఎక్కడిదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మన ఉపఖండం, వీటిలో చాలాభాగం ఇటువంటి కేంద్రాలకు అందనంత దూరంలో వుంది. కాపలాదారు లేని వీధిలో దొంగ తిరిగాడో లేదో ఏం చెబుతాం?

2015 పారిస్ ఒప్పందంలో 13వ అధికరణం అంతా ఈ పారదర్శకత గురించే. దేశాలు తమ వాయువుల లెక్కలను రెండేళ్ళకొకసారి ఒకే పద్ధతిలో అందరికీ కనిపించేలా ప్రకటించాలి. మొదటి విడతకు గడువు 2024 డిసెంబరు 31. ఎన్ని టన్నుల బొగ్గు కాల్చారు, టన్నుకు ఎంత వాయువు వస్తుంది అని గుణించి ఈ లెక్క రాస్తారు. ఇదీ రిజిస్టరే సుమా! దీన్ని గాలితో సరిపోల్చడం మరీ కష్టం. సి.ఎఫ్.సి-11 మనిషి చేస్తేనే పుడుతుంది. బొగ్గుపులుసు వాయువునైతే అడవులూ సముద్రాలూ కూడా పీల్చి వదులుతూ వుంటాయి. మీథేన్ వరిచేలలోనూ, పశువుల కడుపులోనూ పుడుతుంది. గ్యాసు గొట్టం పగిలినా వస్తుంది. 2017లో ఐరోపావారు పంపిన సెంటినెల్-5పి ఉపగ్రహం పెద్దపెద్ద మీథేన్ కారుడులను పైనుంచి చూడగలుగుతోంది. ఆ సమాచారమూ ఉచితమే.

మీ బడిలో ఇంటర్నెట్ వున్న కంప్యూటరు వుంటే, నోవా సంస్థ ఉంచిన సి.ఎఫ్.సి-11 పట్టిక తీయమని మీ సైన్సు మాష్టారిని అడగండి. పైసా ఖర్చు లేదు. ఏడాదికి ఒక అంకె చొప్పున రాసుకుని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి. అడ్డుగీత మీద 1990 నుంచి సంవత్సరాలు, నిలువుగీత మీద 200 నుంచి 280 వరకు అంకెలు. 2002 నుంచి 2012 దాకా వున్న చుక్కలను కలిపే గీతను స్కేలు పెట్టి ముందుకు పొడిగించండి. 2018 దగ్గర ఆ గీతకూ, అసలు చుక్కకూ మధ్య ఎడం ఎంత వచ్చిందో కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి.