చర్మానికి కావలసింది తెలుపు కాదు, తేమ

చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్‌లోని మా పుట్టింటి పెరట్లో తెల్లవారుజామున రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి, ఫజర్ నమాజు కోసం వుజూ చేస్తున్న అమ్మీ చెంబు చప్పుడు. రెండోది, చన్నీళ్లు పగిలిన మడమలకు తగిలినప్పుడు ఆమె పళ్ల బిగువున పీల్చే ఊపిరి చప్పుడు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం కొత్తేమీ కాదు. రోజుకు అయిదుసార్లు వుజూ, ఆపైన అంట్లు, బట్టలు, పొయ్యి సెగ. ఇంటిల్లిపాదికీ సేవ చేసే ఆ చేతులు, కాళ్లు సంక్రాంతి నాటికి బీటలు వారిన చెరువు మట్టిలా తయారయ్యేవి.

దానికి అమ్మీ దగ్గర ఒక మందు ఉండేది. చలి మొదలైన వారంలోనే చిన్న గిన్నెలో నువ్వుల నూనె, తేనె మైనం వేసి కరిగించి, ఖాళీ డబ్బాలో పోసి పెట్టేది. దాన్ని 'మోమ్ రోగన్' అనేది. మోమ్ అంటే మైనం, రోగన్ అంటే నూనె. పేరులోనే తయారీ విధానమంతా ఉంది. అది మా ఇంటి సొంత వైద్యం అనుకునేవాళ్లం. కానీ దాని చరిత్ర చాలా పెద్దది. యునానీ వైద్యంలో మైనం, నూనె కలిపి చేసే లేపనాన్ని 'ఖైరూతీ' అంటారు. గ్రీకు భాషలో మైనానికున్న పేరు నుంచే ఆ మాట పుట్టింది. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గాలెన్ పేరు మీద, మైనం, నూనె, గులాబీ నీరు కలిపిన లేపనం ప్రసిద్ధికెక్కింది. నేటి కోల్డ్ క్రీములకు అదే మూలం. ఆ తర్వాత అందులస్‌కు చెందిన మహా వైద్యుడు అల్ జహ్రావీ 30 భాగాల 'కితాబ్ అల్ తస్రీఫ్' రాస్తూ అందులో సౌందర్య సాధనాలకూ చోటిచ్చాడు. చర్మాన్ని బాగా చూసుకోవడం షోకు కాదని, అది వైద్యంలో భాగమేనని మన పెద్దలు ఎప్పుడో గుర్తించారన్నమాట.

ఒక డబ్బా చేసిన పని

ఇంత మంచి వారసత్వం ఉన్నా, ఇప్పుడు మన ఇళ్లలో అమ్మాయిల అలమరాలు తెరిచి చూస్తే కనిపించేది వేరు. మా భాయీజాన్ కూతురి సంగతే చెబుతాము. పిల్ల చామనఛాయ. చదువులో చురుకు, ఇంటి పనిలో నేర్పరి. పైగామ్‌లు రావడం మొదలయ్యాక వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మాయి రంగెలా ఉంటుంది?" అని. రెండుసార్లు ఆ ప్రశ్న విన్నాక ఆమె ఎవరికీ చెప్పకుండా బజారులోని ఒక దుకాణం నుంచి చిన్న డబ్బా కొని తెచ్చుకుంది. దానిమీద తయారీదారు చిరునామా లేదు, పదార్థాల జాబితా లేదు, గడువు తేదీ లేదు.

నెల తిరిగేసరికి ముఖం తెల్లబడింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము, ఆ తప్పు ఒప్పుకోవాలి. మూడో నెలలో డబ్బా అయిపోయి పూయడం ఆపగానే ముఖం ఎర్రగా కందిపోయింది. మంట, దురద, సన్నటి పొక్కులు. ఎండలోకి వెళితే భరించలేకపోయేది. చర్మ వైద్యునికి చూపిస్తే, ఆయన డబ్బా తిప్పి చూసి, ఇలాంటి వాటిలో తరచుగా స్టెరాయిడ్ మందు కలుపుతారని, అది చర్మాన్ని పలచబరుస్తుందని చెప్పారు. కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది.

చర్మంపై పూసే పలు స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధనలు బిగించింది. అయినా పేరూ ఊరూ లేని డబ్బాలు దొరుకుతూనే ఉన్నాయి. కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన పలువురు రోగులు ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినట్టు 2023లో వైద్యులు గుర్తించారు. 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' పేరును ఆ కంపెనీ 2020లో 'గ్లో అండ్ లవ్‌లీ'గా మార్చింది. సీసా మీద పేరు మారింది గానీ, సంబంధాల దగ్గర మనం అడిగే ప్రశ్న మారలేదు. రంగును బట్టి ఎవరికీ ఎవరిమీదా ఆధిక్యం లేదని ఉపన్యాసాల్లో వింటూ తల ఊపుతాము. హజ్రత్ బిలాల్ గురించి పిల్లలకు కథలు కథలుగా చెబుతాము. కోడలిని వెతికే రోజున మాత్రం అవన్నీ మరిచిపోతాము.

చర్మం ఎందుకు పొడిబారుతుంది?

ఒంటికి పూసే క్రీము చేయవలసిన పని ఒక్కటే, చర్మంలో ఉన్న నీరు ఆవిరైపోకుండా కాపాడటం. మన చర్మం పైపొరలో సహజంగా కొంత కొవ్వు ఉంటుంది. ఇటుకల మధ్య సున్నంలా అది కణాలను పట్టి ఉంచుతుంది. వేడి నీళ్లు, సబ్బు ఆ కొవ్వును కడిగేస్తాయి. మామూలు సబ్బులో క్షారగుణం ఎక్కువ, చర్మానిది కొద్దిగా ఆమ్లగుణం. చలిగాలిలో తేమ తక్కువ గనుక, కాపలా లేని ఇంట్లోంచి సామాను పోయినట్టు చర్మంలోని నీరు గాలిలోకి పోతుంది. అప్పుడే తెల్లటి పొట్టు, దురద, పగుళ్లు.

నూనె, మైనం చర్మానికి నీటిని ఇవ్వవు. ఉన్న నీటిని పోనివ్వవు. అందుకే పొడి చర్మం మీద కన్నా, స్నానం చేసి తువ్వాలుతో అద్దుకున్న వెంటనే, ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు రాసుకుంటే రెట్టింపు ఫలితం కనిపిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

తయారుచేసే విధానం

కావలసినవి మూడే. కొబ్బరి నూనె 50 గ్రాములు, వేయించని నువ్వుల నుంచి తీసిన నూనె 50 గ్రాములు, తేనె మైనం 20 గ్రాములు. ఇంట్లో త్రాసు లేకపోతే కిరాణా దుకాణంలో తూకం వేయించుకోండి. తేనె మైనం మూలికల దుకాణాల్లోనూ, తేనెటీగలు పెంచేవారి దగ్గరా దొరుకుతుంది. కొవ్వొత్తుల మైనం దీనికి పనికిరాదు. అసలైన తేనె మైనాన్ని గోటితో గీకి వాసన చూస్తే సన్నటి తేనె వాసన వస్తుంది.

ముందుగా డబ్బాను, చెంచాను వేడినీళ్లతో కడిగి చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి సన్నని మంట మీద పెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె ఉంచి, తురిమిన మైనం, నూనెలు వేయాలి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కనుక నీళ్లు తెర్లవలసిన పని లేదు. మైనాన్ని నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకండి, అంటుకునే ప్రమాదం ఉంది. ఆ సమయంలో పిల్లలను వంటింట్లోకి రానివ్వకండి.

మైనం పూర్తిగా కరిగాక ఒక చుక్కను చల్లటి స్టీలు పళ్లెం మీద వేయండి. రెండు నిమిషాల్లో గడ్డకడుతుంది. వేలితో రాసి చూస్తే మరీ గట్టిగా అనిపిస్తే ఇంకో చెంచా నూనె, మరీ జారుగా ఉంటే చిటికెడు మైనం కలపండి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి మన ఎండాకాలంలో మైనం 25 గ్రాములకు పెంచాలి, చలికాలంలో 15 గ్రాములు చాలు. పొయ్యి ఆపి, పొడి చెంచాతో కలుపుతూ చల్లార్చి, చిక్కబడుతున్నప్పుడు డబ్బాలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. తడి చేతులు పెట్టకుండా వాడుకుంటే మూడు నెలలు నిలుస్తుంది. ముక్క వాసన వస్తే పారేయండి.

మేము చేసిన పొరపాటు

మొదటిసారి చేసినప్పుడు అంగడి క్రీములా తెల్లగా, మెత్తగా రావాలని గులాబీ నీరు, కలబంద గుజ్జు కూడా కలిపాము. చూడటానికి ముచ్చటగానే ఉంది. పది రోజులకు మూత తీస్తే అంచుల వెంట నల్లటి బూజు. నీరు చేరిన ప్రతిచోటా సూక్ష్మజీవులు పెరుగుతాయి. కంపెనీలు తమ క్రీముల్లో నిల్వ మందులు కలిపేది అందుకే. అవి లేకుండా ఇంట్లో నీరు కలిపిన క్రీము చేస్తే, బూజు కంటికి కనబడకముందే చర్మానికి హాని జరగవచ్చు. అందువల్ల మన డబ్బాలో నీరు వద్దు. కలబంద కావాలంటే తాజాగా కోసి విడిగా రాసుకుని, దానిపైన ఈ లేపనం పూయండి.

సహజమైనదల్లా క్షేమమని కూడా అనుకోవద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కుతుంది. వంటసోడా చర్మాన్ని ఇంకా పొడిబారుస్తుంది. మొటిమలున్న ముఖానికి కొబ్బరి నూనె, మైనం పడవు, వాటిని చేతులకు, కాళ్లకే పరిమితం చేయండి. కొత్తగా వాడేవారు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి. పసిపిల్లలకు పూసేముందు వైద్యుని సలహా తీసుకోండి. షుగర్ జబ్బు ఉన్నవారి మడమలు పగిలితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు, చిన్న పగులు కూడా పెద్ద పుండు కాగలదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

మన ఇళ్లకు మరికొన్ని మాటలు

మైనం చర్మం మీద పొరలా నిలుస్తుంది. కాబట్టి దీన్ని వుజూకు ముందు కాక, తర్వాత రాసుకోవడం మంచిది. అన్నిటికన్నా మంచి వేళ ఇషా నమాజు అయిన తర్వాత. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు కాళ్లు ఉంచి, తుడిచి, మడమలకు పట్టించి మేజోళ్లు తొడుక్కుని పడుకోండి. ఫజర్‌కు లేచాక ఆ పొరను సబ్బుతో కడిగేసుకుని వుజూ చేయండి, ఏ సందేహమూ ఉండదు.

హజ్, ఉమ్రా యాత్రకు వెళ్లేవారికీ ఇది మంచి తోడు. అక్కడి పొడి గాలికి, ఎక్కువ నడకకు మడమలు పగలడం మామూలు. ఇహ్రామ్ స్థితిలో పరిమళ ద్రవ్యాలు వాడరాదు, బజారులోని క్రీముల్లో చాలా వాటికి సువాసన కలుపుతారు. అత్తరు, గులాబీ నూనె ఏదీ కలపకుండా ఇంట్లోనే చిన్న డబ్బా చేసి ఇవ్వండి. అంతేకాదు, క్రీముల్లో వాడే గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం మొక్కల నూనె నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. ఏ సీసాలో ఏది ఉందో తెలియక ఇబ్బందిపడేవారికి, తమ చేత్తో చేసుకున్న డబ్బాలో ఏముందో తెలియడం కూడా ఒక నెమ్మది.

కిందటి చలికాలం మా మేనకోడలే డబ్బా తయారుచేసింది. అమ్మీ మంచం మీద కూర్చుని, "మంట తగ్గించు బేటీ, మైనం తొందరపడదు" అని చెబుతూ ఉంటే ఆమె కలిపింది. చల్లారాక దాదీ మడమలకు తనే పట్టించింది. మరో పైగామ్ వచ్చిన రోజున, రంగు సంగతి ఎత్తినవాళ్లతో భాయీజాన్, "చాయ్ తాగి వెళ్లండి" అని మర్యాదగా చెప్పి మాట ముగించారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

సోదరీమణులారా! మీ కూతురు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతుంటే ఆమె అలమరాలో ఏ డబ్బా ఉందో ఒకసారి ప్రేమగా అడిగి చూడండి. పేరూ ఊరూ లేనిది దొరికితే కోప్పడకండి, పారేయించి, వాడిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఈ శుక్రవారం జుమా భోజనాలయ్యాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పొయ్యిమీద గిన్నె పెట్టండి. ఒక గంటలో లేపనం తయారవుతుంది. ఆ గంటలో తల్లీ కూతుళ్లు మాట్లాడుకోవలసిన మాటలు కూడా చాలా ఉంటాయి.