నాలుగు పరిమాణాల గోళం

నెల్లూరు జిల్లా పడమటి సీమలో ఆత్మకూరు దాటి ఉదయగిరికి పోయేవారికి, దుర్గాన్ని మోస్తున్న కొండ చాలా దూరం నుండే కనిపిస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గమిదే. ఆ కొండను ఎన్నడూ ఎక్కనివారు సైతం దాని రూపాన్ని కాగితంపై చదువుకోవచ్చు. సర్వే పటాలలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వంకర గీతలు ఉంటాయి. వాటికి సమోన్నత రేఖలని పేరు. ఒక్కొక్క రేఖ ఒక్కొక్క ఎత్తును తెలుపుతుంది. రేఖలు దగ్గరైనచోట కొండ నిటారుగాను, ఎడమైనచోట వాలుగాను ఉన్నదని గ్రహిస్తాం. కాగితానికి ఎత్తు లేకపోయినా ఎత్తును గురించి అది చెప్పగలుగుతున్నది. కంటికి అందని నాలుగు పరిమాణాల గోళాన్ని తెలుసుకోవడానికి కూడా ఇదే ఉపాయం.

ఒక బిందువు ఉనికిని చెప్పడానికి ఎన్ని సంఖ్యలు కావాలో అన్ని పరిమాణాలు ఉన్నాయంటాం. తలానికి రెండు, మనం మసలే అంతరాళానికి మూడు. నాలుగు సంఖ్యలు కావలసివస్తే అది చతుష్పరిమాణ అంతరాళం. నాలుగవది కాలమే కదా అని కొందరు తొందరపడతారు. సాపేక్ష సిద్ధాంతంలో కాలానికి అట్టి స్థానం ఉన్నమాట నిజమే గాని, అక్కడ దూరాన్ని లెక్కించే రీతి వేరు. ఇక్కడ చెప్పే నాలుగవ దిక్కు పొడవు, వెడల్పు, ఎత్తుల వంటిదే. ఆ మూడింటికీ లంబంగా ఉంటుంది. కేంద్రం నుండి సమదూరంలో ఉన్న బిందువుల సముదాయమే గోళమన్న నిర్వచనం మారదు. నాలుగు సంఖ్యల వర్గాల మొత్తం వ్యాసార్ధపు వర్గానికి సమానం కావాలి, అంతే.

సోమశిల జలాశయంలో గాలి లేనివేళ నీటిపై పరుగులు తీసే పురుగును తలచుకోండి. నీటి పైభాగమే దాని లోకమనుకొందాం. 5 అంగుళాల వ్యాసార్ధం గల బంతిని మెల్లగా నీటిలోనికి దించితే ఆ పురుగుకు మొదట ఒక బిందువు తోస్తుంది. అది వృత్తమై పెరుగుతుంది. కేంద్రం నీటికి 3 అంగుళాల పైన ఉన్నప్పుడు వృత్త వ్యాసార్ధం 4 అంగుళాలు. ఏలనగా 25 నుండి 9 తీసివేస్తే 16. కేంద్రం నీటిని తాకినప్పుడు వ్యాసార్ధం 5. పిదప వృత్తం కుదించుకొనిపోయి మాయమవుతుంది. చతుష్పరిమాణ గోళం మన లోకం గుండా సాగినా లెక్క ఇదే. గాలిలో ఒక బిందువు పుట్టి, బంతిగా ఉబ్బి, 4 అంగుళాల వ్యాసార్ధాన్ని దాటి 5కు చేరి, తిరిగి తగ్గి అదృశ్యమవుతుంది. 1884లో ఎడ్విన్ అబట్ రచించిన ఫ్లాట్‌లాండ్ నవలలో తలంపై బ్రతికే ఒక చతురస్రానికి గోళం ఈ విధంగానే దర్శనమిస్తుంది. ఆ సంగతి తనవారికి బోధించినందుకు పాపం ఆ చతురస్రం చెరసాల పాలవుతుంది.

మరొక మార్గం కూడా ఉన్నది. ఉదయగిరి చెక్క గరిటెలు ప్రసిద్ధమైనవి. అటువంటి రెండు గరిటెల గుంటలను అంచుకు అంచు చేర్చితే గోళపు పైపొర ఏర్పడుతుంది. గుంటను చదును చేస్తే బిళ్ల అవుతుంది గనుక, రెండు బిళ్లలను అంచుల వెంట అతికితే గోళమన్నమాట. అట్లే రెండు నిండు బంతులను పైపొరల వెంట బిందువుకు బిందువుగా అతికినట్లు భావిస్తే చతుష్పరిమాణ గోళపు పైపొర సిద్ధిస్తుంది. ఒక బంతి నడుమ నుండి తిన్నగా బయలుదేరినవాడు దాని అంచు చేరగానే రెండవ బంతిలో ప్రవేశిస్తాడు. దాని కేంద్రాన్ని దాటి, ఎదుటి అంచు నుండి మొదటి బంతిలోనికి వెనుకవైపుగా వచ్చి, బయలుదేరిన చోటికే చేరుతాడు. దారిలో గోడ తగలదు.

ఘనపరిమాణం మాటకు వస్తే, తొమ్మిదవ శతాబ్దపు మహావీరాచార్యుడు వ్యాసార్ధ ఘనాన్ని 4.05తో గుణించమన్నాడు. సరియైన విలువ సుమారు 4.19. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెనిగించాడు. చతుష్పరిమాణంలో ఈ గుణకం పై వర్గంలో సగం. వ్యాసార్ధాన్ని నాలుగు మార్లు గుణించాలి. ఇందులో ఒక వింత ఉన్నది. చతురస్రంలో ఇమిడిన వృత్తం దానిలో 78.5 శాతం నింపుతుంది. ఘనంలోని గోళం 52.4 శాతం, నాలుగు పరిమాణాలలో 30.8 శాతమే. తక్కినదంతా మూలల పాలు.

ఈ మూలలతో పని ఏమని అడుగవచ్చు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన అస్థిపంజరాల కొలతలను పరిశీలించారు. ఒక పుర్రెకు నాలుగు కొలతలు తీస్తే అది చతుష్పరిమాణంలో ఒక బిందువు. కొలతలను తగినట్లు సవరించి, సగటు నుండి 7 ప్రమాణాల లోపల ఉన్నవి ఒక సమూహానివని నిర్ణయించుకొన్నామనుకోండి. ఒక పుర్రె ప్రతి కొలతలోను సగటుకు 4 ప్రమాణాల ఎడంగా ఉన్నది. విడివిడిగా చూస్తే ఏ ఒక్క కొలతా హద్దు దాటలేదు. మూడు కొలతలు కలిపి చూసినా వర్గాల మొత్తం 48, హద్దు 49. పుర్రె గోళం లోపలే ఉన్నది. నాలుగవ కొలత చేరగానే మొత్తం 64 అయి, అది మూలలోనికి జారి సమూహానికి వెలి అవుతుంది.